పానకంలో పుడక

జూలై. రాత్రి రెండూ పది.
బండబర్గ్‌లో చలి అంటే దక్షిణాది వాళ్ళు నవ్వుతారు గానీ
ఆరు డిగ్రీలకే మడ్డి మొండికేస్తుంది.

తెర మీద నైట్రేట్ అంకె
నాలుగు, నాలుగున్నర, ఐదు పాయింట్ రెండు,
ట్రాఫిక్‌లో ఆగిన ఆటో మీటరులా
నా ప్రమేయం లేకుండా తిరుగుతోంది.
క్లారీకి ఫోన్ చేశాను.

చక్కెర మిల్లు నుంచి వారానికో ట్యాంకరు వస్తుంది.
చెరుకులో అమ్ముకోదగ్గ తీపంతా అమ్ముకున్నాక
అడుగున మిగిలే నల్లటి మడ్డి.
కొంత రమ్ముకి పోతుంది, కొంత పశువులకి,
కొంత మాకు,
ఊళ్ళోని మరుగుదొడ్లన్నీ చివరికి వచ్చి కలిసే చోటికి.

వాననీళ్ళు కలిసి పలచబడ్డ మురుగులో
వాటికి తిండి చాలదు.
వాటికి, అంటే కంటికి ఆనని మా మందకి.
గాలి ఊదని మూడో తొట్టిలో
నైట్రేట్ దగ్గరే ప్రాణవాయువు లాక్కుని బతుకుతాయి.
లాక్కోవడానికి ముందు కడుపులో ఏదో పడాలి.
పిండి కొద్దీ రొట్టె అన్నాను ఒకసారి క్లారీతో.
విడమరిచి చెప్పాక
"గోడ మీద రాయించు" అన్నాడు.

క్లారీ టానా. అరవై మూడేళ్ళ ఫిట్టరు.
ఇంటిపేరు ఒక దీవి పేరు.
ముత్తాతను అక్కణ్ణించి ఓడలో తెచ్చారు
ఈ చెరుకు నరకడానికే.
తెచ్చారు అంటున్నాను నేను.
ఎత్తుకొచ్చారు అంటాడతను.

వచ్చాడు. పైజమా మీదే కోటు,
చేతిలో భార్య హెయిర్ డ్రయ్యరు.
నేను కెటిల్ తర్వాత కెటిల్ మోసుకెళ్ళి
గోనెపట్టా చుట్టిన పైపు మీద వేణ్ణీళ్ళు పోస్తుంటే
అతను వాల్వు విప్పి, లోపలికి వేలు పెట్టి
ఒక చెరుకు పీచు లాగాడు,
అగ్గిపుల్లంత.
పానకంలో పుడక అన్నాను.
దీనికి అర్థం అడగలేదు.

వేలికంటిన మడ్డిని నోటిదాకా తెచ్చి ఆగాడు.
అతని నడుముకి ఇంకో పంపు ఉంది,
అరచేతిలో పట్టేది, ఇన్సులిన్‌ది,
అదీ చుక్క చుక్క కొలిచే పోస్తుంది.
వేలు పైజమాకి తుడుచుకున్నాడు.
"మా అమ్మమ్మ కాలు దీనికే పోయింది" అని
డ్రయ్యరు మళ్ళీ ఆన్ చేశాడు.

పంపు దగ్గింది. ఇంకోసారి దగ్గింది.
మూడోసారి పట్టుకుంది.
ఇక ఎంత పొయ్యాలి? నాకు నిద్ర పట్టనివ్వని లెక్క ఇది.
ఎక్కువైతే, తినగా మిగిలిన తీపి నదిలో పడి
నీళ్ళ ఊపిరి తాగేస్తుంది.
తక్కువైతే నైట్రేటే పోతుంది, నాచుకి పండగ.
నది చివర సముద్రం,
వేసవిలో తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక.
వాటికి నేనెవరో తెలీదు.
డయల్ ఒక గీత తగ్గించాను,
మళ్ళీ అర గీత పెంచాను.

మూడూ నలభై. తొట్టి మీద టార్చి వేశాం.
సన్నటి బుడగలు,
పోపులో ఆవాలు వెయ్యకముందు నూనెలో లేస్తాయే, అంతంత,
పైకొచ్చి వాసన లేకుండా పగులుతున్నాయి.
ఊరు నిన్న తిన్న మాంసమూ చిక్కుడు గింజలూ,
వాటిలోని నత్రజని
ఒకప్పుడు ఏ గాలిలో ఉండేదో ఆ గాలిలోకే
ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోతోంది.
"దీనికి ఎవడూ టికెట్ కొనడు" అన్నాడు క్లారీ.
అయినా ఇద్దరం చాలాసేపు చూశాం.

ఆరు పాయింట్ మూడు. ఆరు. ఐదు పాయింట్ ఏడు.

లాగ్‌బుక్‌లో రాశాను:
డోసింగ్ లైనులో అడ్డు. తీశాం.
డ్రయ్యరు నిండా మడ్డి,
ఇంట్లో చీవాట్లు ఖాయం అన్నాడు.
ఫ్లాస్కులో టీ రెండు కప్పుల్లోకి వంచాను.
అతనిదాంట్లో చక్కెర వెయ్యలేదు.
నాదాంట్లో కూడా వేసుకోబుద్ధి కాలేదు ఎందుకో.

అతను వెళ్ళాక వేసుకున్నాను.